పది నిమిషాలు ముట్టుకోకపోతే తెర నల్లబడుతోంది, మళ్లీ లేచేసరికి అంతా చిందరవందర

అచ్చుతప్పు | సోమవారం, రాత్రి 9.12

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఇంటి దగ్గరే పుస్తకాల ప్రూఫులు దిద్దుతాను. ముందు కాగితం మీద దిద్ది, ఒక ఫారం (ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్ట) పూర్తయ్యాక ఆ దిద్దుబాట్లను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాను. కాబట్టి పావుగంటసేపు మౌసు ముట్టుకోకపోవడం రోజూ ఎన్నోసార్లు జరిగేదే. నా కష్టమంతా ఆ పావుగంటతోనే.

పది నిమిషాలకు తెర నల్లబడుతుంది. అది సహజమే. కాగితాలు పక్కన పెట్టి మౌసు కదిపితే మాత్రం మూడింటిలో ఒకటి జరుగుతోంది. అదృష్టం బాగుంటే పాస్‌వర్డ్ అడుగుతుంది. లేకపోతే నల్లటి తెర మీద తెల్ల బాణం ఒక్కటే తిరుగుతూ ఉంటుంది, ఏ మీట నొక్కినా పలకదు. ఇంకొన్నిసార్లు తెర వస్తుంది కానీ తెరిచి ఉంచిన ఫైళ్లన్నీ పక్క మానిటర్‌లోకి వెళ్లి కుప్పపడి ఉంటాయి, పెద్ద మానిటర్‌లో అక్షరాలు గుమ్మడికాయలంత కనిపిస్తాయి.

ఇంటెల్ ప్రాసెసర్‌తో వచ్చిన గ్రాఫిక్సే, విడిగా కార్డు లేదు. లినక్స్, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్. కొన్నేళ్లుగా మొదటి నుంచి ఎక్కించకుండా అప్‌గ్రేడ్ మీద అప్‌గ్రేడ్ చేసుకుంటూ వస్తున్నాను. పెద్ద మానిటర్ 27 అంగుళాలది, డిస్‌ప్లేపోర్ట్ తీగ. పక్కది పాతది, వీజీఏ తీగ.

నిన్న బాణం తప్ప ఏమీ కనిపించక పవర్ బటన్ నొక్కి ఆపేశాను. మూడు పేజీల దిద్దుబాట్లు పోయాయి. దయచేసి దారి చూపించండి.

నల్లరేగడి | సోమవారం, రాత్రి 9.31

ఇన్నేళ్ల చెత్త పేరుకుపోయి ఉంటుంది. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కించండి, గంట పని. అంత ఓపిక లేకపోతే మౌసు తనంతట తానే కదిలేలా చేసే చిన్న యూఎస్‌బీ పరికరాలు అమ్ముతున్నారు. ఒకటి గుచ్చితే తెర ఎప్పటికీ నల్లబడదు.

వైర్లమూట | సోమవారం, రాత్రి 10.05

ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోమంటున్నారా నల్లరేగడి గారూ? పైగా ఆ కదిలించే పరికరం పెడితే ఆవిడ మానిటర్ రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది.

అచ్చుతప్పు గారూ, ఇరవై ఏళ్లు మానిటర్లు విప్పి మూసిన చేతులివి. తొందరపడి ఏదీ మార్చకండి. ఏదైనా మార్చిన తరువాత బాగుపడితే, ఎందుకు బాగుపడిందో మనకు తెలియదు. ముందు నాలుగు విషయాలు చెప్పండి.

బాణం మాత్రమే కనిపిస్తున్నప్పుడు కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కితే దాని దీపం వెలిగి ఆరుతోందా? వెలిగితే యంత్రం బతికే ఉంది, తెర దారి మాత్రమే మూసుకుపోయింది. అప్పుడు పవర్ బటన్ జోలికి వెళ్లవద్దు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్1 కలిపి నొక్కండి. నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో లాగిన్ అడిగితే మీ ఫైళ్లు క్షేమం.

రెండోది, గది దీపం ఆర్పి చూడండి. పది నిమిషాలకు తెర నల్లబడినప్పుడు వెనక నుంచి సన్నటి బూడిద వెలుగు వస్తోందా, గాఢమైన చీకటేనా? వెలుగు ఉంటే కంప్యూటర్ నల్లరంగు పూసి ఊరుకుందని అర్థం. చీకటి అయితే సిగ్నలే ఆగింది. ఈ రెండూ ఒకటి కావు.

మూడోది, బాణం జబ్బు, కుప్పపడే జబ్బు ఒకేసారి వస్తున్నాయా, విడివిడిగానా? నాలుగోది, మీరు ఎంతసేపు మౌసు ముట్టుకోలేదో ప్రతిసారీ ఒక కాగితం మీద రాయండి. రోగం నిశ్శబ్ధంగా వస్తుంది, సమయం మాత్రం చెప్పే వస్తుంది.

కాకతీయ తోరణం | సోమవారం, రాత్రి 10.40

ఇన్వర్టర్ మీద నడుపుతున్నారా? మా దుకాణంలో చవకరకం ఇన్వర్టర్ పెట్టినప్పుడు మానిటర్ ఇలాగే తిక్కతిక్కగా చేసేది. ఒక పూట నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టి చూడండి.

అచ్చుతప్పు | మంగళవారం, రాత్రి 8.50

ఇన్వర్టర్ కాదండీ, గోడ ప్లగ్గే. వైర్లమూట గారు చెప్పినట్టు రోజంతా కాగితం పెట్టుకుని కూర్చున్నాను. ప్రూఫుల మధ్య ఇదొక ప్రూఫు.

క్యాప్స్ లాక్ దీపం వెలుగుతోంది! ఎఫ్1 నొక్కితే నల్ల తెర మీద లాగిన్ కూడా వచ్చింది. అంటే మొన్న నా మూడు పేజీలను నేనే చంపుకున్నాను. గాఢమైన చీకటే, వెనక వెలుగు లేదు.

నా పట్టీ ఇది. 9 నిమిషాలు: ఏమీ కాలేదు. 12 నిమిషాలు: బాణం. 13 నిమిషాలు: బాగానే వచ్చింది. 11 నిమిషాలు: బాణం. భోజనానికి వెళ్లి 40 నిమిషాలకు వచ్చాను: బాణం, ఎఫ్1 నొక్కి వెనక్కి వస్తే పైన కుప్ప కూడా. మధ్యాహ్నం కునుకు, గంటన్నర: బాణం లేదు, కుప్ప ఉంది. 14 నిమిషాలు: బాగానే వచ్చింది.

వైర్లమూట | మంగళవారం, రాత్రి 9.20

ఇక నిన్న మీరు అడిగిన ప్రశ్నే తప్పని తేలింది, కోపం తెచ్చుకోకండి. ఇది ఒక జబ్బు కాదు, రెండు. పది నిమిషాలు దాటగానే బాణం జబ్బు వచ్చే అవకాశం ఉంది. కుప్ప జబ్బు బాగా ఆలస్యమైతేనే వస్తోంది. రెంటికీ ఒకే మందు వెతికితే పుండొకచోట, మందొకచోట అవుతుంది.

రెండోది నాకు తెలిసిన జబ్బే, తరువాత చెబుతాను. మొదటిది లినక్స్ లోపలి వ్యవహారం. పెంగ్విన్ పంతులు గారు ఎక్కడున్నా రావాలి.

పెంగ్విన్ పంతులు | మంగళవారం, రాత్రి 10.15

వచ్చాను. ఈ వేదికలో అంతా మన లిపిలోనే రాయాలన్న నియమం ఉంది కాబట్టి ఆదేశాలను పలికినట్టు రాస్తున్నాను, టెర్మినల్‌లో ఇంగ్లిషు అక్షరాలతో కొట్టండి.

"ఎక్స్‌సెట్", ఒక ఖాళీ, "క్యూ". వచ్చినదాంట్లో చివరి భాగం చూడండి. స్క్రీన్ సేవర్ అన్న శీర్షిక కింద టైమ్‌అవుట్ ఎంత? డీపీఎంఎస్ (మానిటర్‌ను నిద్రపుచ్చే ఏర్పాటు) కింద స్టాండ్‌బై, సస్పెండ్, ఆఫ్ అని మూడు అంకెలుంటాయి, అవి ఎంతెంత? ఆ తరువాత సెట్టింగుల్లో "సెషన్ అండ్ స్టార్టప్" తెరిచి, కంప్యూటర్ మొదలవగానే నడిచేవాటి పట్టికలో లాక్, స్క్రీన్‌సేవర్, పవర్ అన్న మాటలున్న పేర్లన్నీ రాసి పంపండి.

అచ్చుతప్పు | మంగళవారం, రాత్రి 10.33

టైమ్‌అవుట్ 600. డీపీఎంఎస్‌లో మూడూ 600. పట్టికలో పవర్ మేనేజర్ ఉంది, ఎక్స్‌ఎఫ్‌సీఈ స్క్రీన్‌సేవర్ ఉంది, లైట్‌లాకర్ అని ఇంకొకటి ఉంది. మూడింటికీ టిక్కు ఉంది.

పెంగ్విన్ పంతులు | మంగళవారం, రాత్రి 11.02

దొంగ దొరికాడు. దొంగలు అనాలేమో, తిలా పాపం తలా పిడికెడు.

మీ తెర నల్లబడటం ఒక్కరి పని కాదు. తెరను గీసే ఎక్స్ సర్వర్‌కు సొంతంగా ఒక గడియారం ఉంది, అది నల్లరంగు పూస్తుంది. డీపీఎంఎస్ అనేది 1993లో వీసా అనే ప్రమాణాల సంస్థ తెచ్చిన పద్ధతి. అప్పటి బరువైన గాజు బుడ్డి మానిటర్లకు అడ్డం, నిలువు సంకేతాలను ఒక్కొక్కటిగా ఆపి, కొంచెం నిద్ర, ఇంకొంచెం నిద్ర, పూర్తి నిద్ర అని మూడు మెట్లు పెట్టారు. ఇప్పటి పలక మానిటర్లకు ఆ మెట్ల తేడా పెద్దగా లేదు, సిగ్నల్ ఆగితే చాలు, పడుకుంటాయి. పవర్ మేనేజర్ ఆ అంకెలను తన ఇష్టప్రకారం మారుస్తుంది. వీటన్నిటి మీద తాళం వేసేవాడు ఒకడు ఉంటాడు.

మీ ఇంట్లో తాళం వేసేవాళ్లు ఇద్దరున్నారు. లైట్‌లాకర్ పాతవాడు. ఎక్స్‌ఎఫ్‌సీఈ 2019లో 4.14 విడుదలతో సొంత స్క్రీన్‌సేవర్ తెచ్చుకుంది, అతను కొత్తవాడు. మీరు అప్‌గ్రేడ్ మీద అప్‌గ్రేడ్ చేసుకుంటూ వచ్చారు కాబట్టి కొత్తవాడు చేరాడు, పాతవాడిని పంపినవాళ్లు లేరు.

లైట్‌లాకర్ పనితీరు వేరు. అది మీ తెర మీద ముసుగు వేయదు. మిమ్మల్ని ఏకంగా పక్క గదికి తీసుకెళ్లి అక్కడ లాగిన్ తెర చూపిస్తుంది. లినక్స్‌లో ఇలాంటి గదులు చాలా ఉంటాయి, మీరు నొక్కిన ఎఫ్1 అలాంటి ఒక గది. సాధారణంగా మీ డెస్క్‌టాప్ ఎఫ్7లో ఉంటే లైట్‌లాకర్ లాగిన్ ఎఫ్8లో తెరుచుకుంటుంది. గది మారాలంటే గ్రాఫిక్స్ డ్రైవర్ తెర రిజల్యూషన్‌ను మళ్లీ కొత్తగా అమర్చాలి. సరిగ్గా అదే 600వ సెకనులో, అంటే పది నిమిషాలకు, డీపీఎంఎస్ సిగ్నల్ ఆపేస్తోంది, కొత్త స్క్రీన్‌సేవర్ తన ముసుగు వేస్తోంది. ఇంతమంది ఒకే క్షణంలో ఒకే తలుపు మూయబోతే ఎవరి వేలో ఒకరిది నలుగుతుంది. ఎవరు ముందు చేరారన్నదాన్ని బట్టి ఒకసారి బాగానే వస్తుంది, ఒకసారి బాణం మిగులుతుంది. మీ పట్టీలో 11కి బాణం వచ్చి 13కి రాకపోవడం అందుకే.

ఇప్పటికి చేయాల్సింది: లైట్‌లాకర్ టిక్కు తీసేయండి. తాళం పని కొత్త స్క్రీన్‌సేవర్‌కే వదలండి, దాని సమయం 10 నిమిషాలు. పవర్ మేనేజర్‌లో తెర ఆపే సమయం 15 నిమిషాలకు జరపండి. ఇద్దరి మధ్య ఐదు నిమిషాల ఎడం ఉండనివ్వండి. ఒకసారి లాగౌట్ అయి రండి.

ఈలోగా బాణం వస్తే కంట్రోల్, ఆల్ట్‌తో ఎఫ్1 నొక్కి, ఆ తరువాత ఎఫ్8 నొక్కండి. అక్కడ పాస్‌వర్డ్ గడి కనిపించకపోతే ఎఫ్7.

గోదారిగట్టు | మంగళవారం, రాత్రి 11.40

మధ్యలో దూరుతున్నందుకు మన్నించండి. నాది ల్యాప్‌టాప్, ఇంటెల్ గ్రాఫిక్సే, లినక్సే. నాకు తెర నల్లబడదు కానీ కదలకుండా ఏదైనా చదువుతూ ఉంటే ఉన్నట్టుండి అడుగు భాగం వణుకుతుంది. ఒక్కోసారి టైపు చేసిన అక్షరం రెండు క్షణాలు ఆలస్యంగా కనిపిస్తుంది. మౌసు కదుపుతూ ఉన్నంతసేపూ ఏ బాధా లేదు. ఇది కూడా ఈ తాళాల గొడవేనా?

వైర్లమూట | బుధవారం, ఉదయం 6.55

కాదండీ. మీది ల్యాప్‌టాప్ పలకకు మాత్రమే వచ్చే జబ్బు. పలకలోనే చిన్న జ్ఞాపకం పెట్టి, బొమ్మ మారనప్పుడు "నీ దగ్గరున్నదే చూపించుకో" అని గ్రాఫిక్స్ చిప్ తాను పంపడం మానేస్తుంది. పేరు ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్, బ్యాటరీ కోసం చేసిన ఏర్పాటు. ఉద్దేశం మంచిదే. నిద్ర లేవడంలో పలకకూ చిప్‌కూ లయ తప్పితే మీరు చెప్పిన వణుకే వస్తుంది. కదలనప్పుడే రావడం దాని ఆనవాలు.

కెర్నల్‌కు (లినక్స్ గుండెకాయకు) మొదలయ్యేటప్పుడు ఇచ్చే బూట్ మాటల్లో "ఐ915, చుక్క, ఎనేబుల్, కింది గీత, పీఎస్‌ఆర్, సమానం, సున్నా" చేర్చి చూడండి. ముందు కంప్యూటర్ మొదలవగానే వచ్చే గ్రబ్ మెనూలో ఆ ఒక్కసారికి మాత్రమే చేర్చి పరీక్షించండి. వణుకు పోతేనే శాశ్వతం చేయండి. బ్యాటరీ కొంచెం తొందరగా అయిపోతుంది.

డాలస్ పెదనాన్న | బుధవారం, ఉదయం 7.30

పిల్లలూ, మీ కబుర్లు చదువుతుంటే నా కథ గుర్తొచ్చింది. చలికాలంలో నేను కుర్చీలోంచి లేవగానే మానిటర్ రెండు క్షణాలు నల్లబడి మళ్లీ వచ్చేది. మా ఆవిడ ఇంట్లో దిష్టి తగిలిందంది. నేను విండోస్‌ను అనుమానించాను, తీగను అనుమానించాను, గ్రాఫిక్స్ కార్డు మార్చాను, అదీ దండగే అయింది.

చివరికి తేలింది కుర్చీ అని. ఎత్తు పెంచే గ్యాస్ గొట్టం ఉన్న కుర్చీలో కూర్చున్నా, లేచినా స్థిరవిద్యుత్తు పుట్టి చిన్న మెరుపులాంటి అలజడి రేగుతుంది. మంచి కవచం లేని తీగ దాన్ని పట్టుకుని ఒక్క క్షణం సిగ్నల్ వదిలేస్తుంది. ఇక్కడ చలికాలంలో హీటరు వల్ల గాలి ఎండిపోతుంది, కింద తివాచీ ఒకటి. మందపాటి పొట్టి తీగ వేశాను, గదిలో తేమ యంత్రం పెట్టాను, పోయింది. మీరు నవ్వినా ఇది నిజం.

నల్లరేగడి | బుధవారం, ఉదయం 8.10

పెదనాన్న గారూ, కుర్చీ కూడా ఫార్మాట్ చేయాల్సింది.

వైర్లమూట | బుధవారం, ఉదయం 8.22

నవ్వకండి, కుర్చీ సంగతి నిజమే. నేను కూడా చూశాను. అయితే అచ్చుతప్పు గారి తెర ఆవిడ లేచినప్పుడు కాదు, కూర్చుని కాగితం దిద్దుతుండగా పోతోంది.

అచ్చుతప్పు | బుధవారం, రాత్రి 9.05

పంతులు గారికి నూరు దండాలు. లైట్‌లాకర్ టిక్కు తీసి, 10, 15 నిమిషాల ఎడం పెట్టాక ఈరోజు పదకొండుసార్లు తెర నల్లబడింది. పదకొండుసార్లూ చక్కగా పాస్‌వర్డ్ అడిగింది. బాణం ఒక్కసారి కూడా రాలేదు.

కుప్ప మాత్రం అలాగే ఉంది. భోజనం తరువాత ఒకసారి, సాయంత్రం కూరగాయలకు వెళ్లి వచ్చాక ఒకసారి. సాయంత్రం అయితే పెద్ద మానిటర్ 1024, 768 అని చూపించింది. అది 2560, 1440 మానిటర్ అండీ!

వైర్లమూట | బుధవారం, రాత్రి 9.40

ఇప్పుడు నా వంతు.

డిస్‌ప్లేపోర్ట్ తీగలో ఇరవై కాళ్లు (పిన్నులు) ఉంటాయి. పద్దెనిమిదో కాలు పేరు హాట్ ప్లగ్ డిటెక్ట్. మానిటర్ ఆ కాలు మీద వోల్టేజి నిలిపి ఉంచుతూ "నేనున్నాను" అని చెబుతూ ఉంటుంది. కొన్ని మానిటర్లు సిగ్నల్ ఆగిన కొన్ని నిమిషాలకు ఇంకా లోతైన నిద్రలోకి జారుకుని ఆ కాలును కూడా వదిలేస్తాయి. కంప్యూటర్ వైపు నుంచి చూస్తే అది నిద్ర కాదు, ఎవరో తీగ పీకేశారు. ఇంటి పెద్ద లేడనుకుని సామానంతా పక్క మానిటర్‌కు సర్దేస్తుంది. మీ కుప్ప అదే. వీజీఏ మానిటర్‌కు అలాంటి కాలు లేదు కాబట్టి అది ఎప్పుడూ ఇంట్లో ఉన్నట్టే లెక్క.

మీరు మౌసు కదపగానే పెద్దది లేచి "వచ్చాను" అంటుంది. అప్పుడు కంప్యూటర్ దాన్ని జాతకం అడుగుతుంది. ఈడీఐడీ అంటారు, మొదటి ముక్క 128 బైట్లే, మానిటర్ ఎవరు చేశారు, ఎంత రిజల్యూషన్ అన్నది అందులో ఉంటుంది. మానిటర్ ఇంకా కళ్లు నులుముకుంటూ జవాబివ్వకపోతే కంప్యూటర్ ఎందుకైనా మంచిదని 1024, 768తో సరిపెడుతుంది. మీ గుమ్మడికాయ అక్షరాలు అక్కడి నుంచి వచ్చాయి.

ఇది నా ఊహ. ఊహను నమ్మవద్దు, రుజువు చూద్దాం. పంతులు గారూ, ఆ కాలు వదిలిన క్షణాన్ని రాసిపెట్టే మార్గం ఉందా?

పెంగ్విన్ పంతులు | బుధవారం, రాత్రి 10.10

ఉంది. సిస్ డైరెక్టరీలో క్లాస్, దాని కింద డీఆర్‌ఎం అని ఉంటుంది. అక్కడ ప్రతి తీగ రంధ్రానికీ ఒక అర, ప్రతి అరలో స్టేటస్ అనే ఫైలు. తీగ ఉంటే కనెక్టెడ్, లేకపోతే డిస్‌కనెక్టెడ్ అని రాసి ఉంటుంది. ఐదు సెకన్లకోసారి సమయాన్నీ ఆ మాటనూ ఒక ఫైలులో చేర్చుతూ పోయే రెండు వరుసల స్క్రిప్టును మీకు వ్యక్తిగత సందేశంలో పంపాను. నడిపించి, తెర వైపు చూడకుండా వెళ్లిపోండి. ఎక్స్‌రాండర్ అనే, తెరల అమరిక చూపే ఆదేశంతో కూడా చూడవచ్చు కానీ మామూలుగా నడిపితే అది తీగలను మళ్లీ తట్టి చూస్తుంది, నిద్రపోయేవాళ్లను లేపి "నిద్రపోయారా" అని అడిగినట్టు ఉంటుంది.

అచ్చుతప్పు | గురువారం, మధ్యాహ్నం 3.15

స్క్రిప్టు పెట్టి భోజనానికి వెళ్లాను. 1.05కు మౌసు వదిలాను. 1.20కి తెర ఆగి ఉండాలి. ఫైలులో 1.25 వరకు కనెక్టెడ్, ఆ తరువాతి వరుస నుంచి డిస్‌కనెక్టెడ్. 2.10కి వచ్చి మీట నొక్కితే మళ్లీ కనెక్టెడ్. కుప్ప సిద్ధంగా ఉంది.

తీగను ఎవరూ ముట్టుకోలేదు. ఇంట్లో నేనూ, గోడ మీద బల్లీ తప్ప ఎవరూ లేరు.

వైర్లమూట | గురువారం, సాయంత్రం 5.50

బల్లి నిర్దోషి. మానిటర్ కింద ఉన్న బటన్లతో దాని సొంత మెనూ తెరవండి. కొన్నింటిలో డీప్ స్లీప్ అని, కొన్నింటిలో డీపీ పవర్ సేవింగ్ అని, ఇంకేదో పేరుతో ఉంటుంది. దాన్ని ఆపేయండి. ఇన్‌పుట్‌ను తనంతట తాను వెతుక్కునే అమరిక ఉంటే అదీ ఆపి, డిస్‌ప్లేపోర్ట్ అని స్థిరంగా పెట్టండి. లేకపోతే లేచిన ప్రతిసారీ హెచ్‌డీఎంఐ తలుపు, డిస్‌ప్లేపోర్ట్ తలుపు కొడుతూ తిరుగుతుంది, ఆ ఆలస్యంలోనే జాతకం అడగడం తప్పిపోతుంది.

నిద్రలో కరెంటు కొంచెం ఎక్కువ వాడుతుంది, అది తప్పదు. రాత్రి పని ముగిశాక మానిటర్ స్విచ్చి ఆపండి.

కాకతీయ తోరణం | గురువారం, సాయంత్రం 6.30

మానిటర్‌లో అలాంటి మెనూ లేకపోతే ఏం చేయాలి? మా అబ్బాయి విండోస్‌లో కూడా అచ్చం ఇలాగే కిటికీలన్నీ ఒక పక్కకు వెళ్తున్నాయి.

వైర్లమూట | గురువారం, సాయంత్రం 6.48

ముందు తీగ మార్చి చూడండి. చవక డిస్‌ప్లేపోర్ట్ తీగల్లో ఇరవయ్యో కాలు రెండు వైపులా కలిపేసి ఉంటుంది. అది విద్యుత్తు కాలు, మామూలు తీగలో కలపకూడదు. కలిపితే మానిటర్, కార్డు ఒకదానికొకటి కరెంటు ఎక్కించుకుని వింతవింత చేష్టలు చేస్తాయి. తరువాత హెచ్‌డీఎంఐ ప్రయత్నించండి. అక్కడా ఆ కాలు ఉంది, పందొమ్మిదోది. వదిలేసే మానిటర్లూ ఉన్నాయి కాబట్టి హామీ ఇవ్వలేను.

విండోస్ 11 అయితే డిస్‌ప్లే సెట్టింగుల్లో, బహుళ మానిటర్ల భాగంలో, మానిటర్ కనెక్షన్‌ను బట్టి కిటికీల చోటు గుర్తుపెట్టుకోమనే టిక్కు ఉంది. అది పెట్టండి. విండోస్‌లో తెర నల్లగానే ఉండిపోతే విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్, బీ కలిపి నొక్కమనండి. గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది, ఫైళ్లు పోవు.

గోదారిగట్టు | గురువారం, రాత్రి 9.00

నా ల్యాప్‌టాప్ వణుకు పోయింది. ఆ సున్నా పెట్టిన దగ్గర నుంచి రెండు రోజులుగా నిలకడగా ఉంది. బ్యాటరీలో తేడా నాకైతే తెలియలేదు.

పర్యవేక్షకుడు | శుక్రవారం, ఉదయం 10.00

ల్యాప్‌టాప్ పలక వణుకు పోస్టులను వేరే చర్చగా విడదీయాలా అని ఇద్దరు అడిగారు. కదలనప్పుడు వచ్చే జబ్బులే కాబట్టి ఇక్కడే ఉంచుతున్నాను. కుర్చీ కథ కూడా ఉంటుంది.

అచ్చుతప్పు | ఆదివారం, రాత్రి 8.20

మూడు రోజులు ఆగి రాస్తున్నాను, ముందే మురిసిపోకూడదని. మానిటర్ మెనూలో డీప్ స్లీప్ దొరికింది, ఆపేశాను. ఇన్‌పుట్ స్థిరం చేశాను. గురువారం రాత్రి నుంచి స్క్రిప్టు నడుస్తూనే ఉంది, పని వేళల్లో ఒక్క డిస్‌కనెక్టెడ్ కూడా లేదు. నిన్న పెళ్లికి వెళ్లి ఆరు గంటలకు వచ్చాను, ఫైళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, అక్షరాలు గుమ్మడికాయలు కాలేదు.

లైట్‌లాకర్‌ను టిక్కు తీసి ఊరుకోకుండా పూర్తిగా తొలగించాను. తాళం పడుతోందో లేదో పదిసార్లు చూసుకున్నాను, పడుతోంది. పోయిన మూడు పేజీలు మళ్లీ దిద్దాను, మొదటిసారి చూడని రెండు తప్పులు ఈసారి దొరికాయి.

వైర్లమూట గారూ, ఇంకొక్క మాట. సోమవారం రాత్రి మీరు రాసినదాంట్లో "నిశ్శబ్ధంగా" అని ఉంది. ధకు ఒత్తు అక్కర్లేదు, "నిశ్శబ్దంగా". ఆరు రోజులుగా చూసి ఊరుకున్నాను.

వైర్లమూట | ఆదివారం, రాత్రి 8.41

సరిచేసే గడువు దాటిపోయిందని వేదిక అంటోంది. అలాగే ఉండనివ్వండి, ఫీజు కింద జమ వేసుకోండి.